కమాను కింద బట్టలు

ఓక్‌విల్, మే 2

చిరంజీవి రాధికకు అమరేశ్వరరావు అంకుల్ ఆశీస్సులు.

మీ కమల ఆంటీ అరవయ్యో పుట్టినరోజుకు నువ్వు వేస్తున్న పెయింటింగ్ ఫోటో అందింది. రోమన్ శిథిలాలు, సాయంకాలపు ఎండ, మేకలు, అన్నీ ఆంటీ కోరినట్టే ఉన్నాయి. కానీ ఆ విరిగిన కమాను కింద ఒకావిడ బట్టలారేస్తోందేమిటమ్మా? ఈ కెనడాలో ముప్పై నాలుగేళ్లు వంతెనలు ఇన్‌స్పెక్ట్ చేసినవాణ్ణి, చూస్తూ ఊరుకోలేను. ఆవిణ్ణి అర్జెంటుగా అక్కణ్ణుంచి తప్పించు.

అమరేశ్వరరావు, రిటైర్డ్ బ్రిడ్జి ఇంజనీర్

తా.క.: దండెం కూడా పగిలిన స్తంభానికే కట్టింది.

మార్కమ్, మే 9

అంకుల్‌కి నమస్కారాలు.

రొమాంటిక్ కాలం చిత్రకారులు అలాగే వేసేవాళ్లు అంకుల్. సామ్రాజ్యం కూలినా దాని కింద ఉతుకులూ వంటలూ మామూలే అని. ఆవిడ లేకపోతే బొమ్మలో ప్రాణం ఉండదు. మీ తృప్తి కోసం కమాను పడకుండా కర్ర పోటు పెట్టాను. పుట్టినరోజు ఇరవై ఎనిమిదిన. ఇక మార్పులొద్దు, ప్లీజ్.

రాధిక

తా.క.: ఇన్నేళ్లలో ఏ పెయింటింగ్‌లోనూ కమాను ఎవరి మీదా పడలేదు.

ఓక్‌విల్, మే 13

రాధికకు ఆశీస్సులు.

పడలేదని ఊరుకుంటే ఇన్‌స్పెక్షన్ ఎందుకు? ఒక్క కర్ర ఏం ఆపుతుంది? పగుళ్లు పూడ్చు, కమాను పూర్తి చెయ్యి. గోడలో మొలిచిన చెట్టు పీకెయ్. మేకల కాపరి కూర్చున్న మెట్లకి రెయిలింగ్ పెట్టు. డ్రాయింగ్ జతచేశాను. ఆవిడకి హెల్మెట్ తప్పనిసరి.

అమరేశ్వరరావు

తా.క.: మేకలకి హెల్మెట్లు అక్కర్లేదు. నాకంత చాదస్తం లేదు.

మార్కమ్, మే 24

అంకుల్‌కి నమస్కారాలు.

అన్నీ చేసి పంపిస్తున్నాను. మా తమ్ముడు రోహిత్ చూసి, "ఈ కాండో బిల్డింగ్‌లో ఫ్లాట్స్ ఖాళీ ఉన్నాయా?" అని అడిగాడు.

నీరసంతో, రాధిక

తా.క.: మేకల్ని తీసేశాను. మీ కాంక్రీట్‌లో గడ్డి మొలవదు.

ఓక్‌విల్, మే 29

రాధికకు ఆశీస్సులు.

నిన్న బొమ్మ విప్పగానే మీ ఆంటీ కళ్లజోడు రెండుసార్లు తుడుచుకుని మళ్లీ చూసింది. సంతోషం పట్టలేకపోయింది కాబోలు. ఈ ఉత్తరం పోస్ట్ చేయమని తనకే ఇస్తున్నాను.

అమరేశ్వరరావు

తా.క.: అమ్మా రాధికా, ఇది నేను, కమల ఆంటీని. ముప్పై ఆరేళ్లుగా మీ అంకుల్ మా ఇంట్లో బాగున్నవన్నీ బాగుచేస్తూనే ఉన్నారు. మొన్న డిష్‌వాషర్ బాగుచేశారు, ఇప్పుడు గిన్నెలు నేనే తోముతున్నాను. ఆయన చెయ్యి పెట్టలేని పాడుబడ్డ చోటు ఒక్కటైనా ఇంట్లో ఉండాలనే ఆ శిథిలాలు అడిగాను తల్లీ. నువ్వు మొదట పంపిన ఫోటోలో ఉన్నట్టే మళ్లీ వేసి, నా పేరు మీద పంపు. చెట్టు, పగుళ్లు, మేకలు అన్నీ కావాలి. హెల్మెట్ తీసెయ్. ఆ బట్టలారేసేది నేనే అనుకుని రోజూ కాసేపు చూసుకుంటాను. కమాను పడితే పడనీ.