రొయ్య గుద్దు

అన్నయ్యా,

నా చిటికెన వేలు విరిగిన మాట నిజమే. చేపల ప్రదర్శనశాలలో నేను మేత వేసే రొయ్యే కొట్టింది. ఇది మనం వండుకునే రొయ్య కాదు, గుద్దే జాతిది; జానెడు కూడా ఉండదు గానీ, కళ్లు చెరోవైపు తిప్పుతూ మనకు కనపడని రంగులు కూడా చూస్తుందట. నత్తను వేస్తే కాసేపు కదలకుండా చూసి, ఒక్క గుద్దుతో గుల్లను నుజ్జు చేస్తుంది. ఆ దెబ్బ ఎప్పుడు పడిందో కంటికి ఆనదు.

మా ఆయన చెయ్యి లేవడం మాత్రం నాకు బాగా కనపడుతుంది.

కిందటి ఉత్తరంలో నా దవడ వాచి పన్ను ఊడిందని, అదీ ఈ రొయ్య పనేనని రాశాను. "దాని జోలికి వెళ్లకు తల్లీ" అని జవాబు రాశావు. నీళ్లు దాటి బతకలేని రొయ్య నా దవడదాకా ఎలా వచ్చిందని ఎందుకు అడగలేదు అన్నయ్యా?

నీ చెల్లెలు