తొడుగు విప్పిన రెండు కార్లు

పార్ఫిట్ గారికి నమస్కారం.

శనివారం మన క్లబ్బులో, ఇంట్లో కట్టిన ఒంటిసీటు రేసుకార్లను పోల్చి, మంచి డిజైనుకు మీరు కప్పు ఇస్తారు కదా. రోలండ్ కారు పక్కన మా వారి కారునూ నిలపనివ్వండి. రెండింటి పైతొడుగులూ విప్పించండి.

మా వారు డెస్మండ్ మంచాన పడ్డప్పుడు, చూసి ఇస్తానని రోలండ్ డ్రాయింగులు పట్టుకెళ్ళాడు. ఆయన పోయాక అదే కారు కట్టి, సొంత డిజైనని చెప్పుకుంటున్నాడు.

మా వారి కుడి మోకాలు వంగేది కాదు. ఆయన కుంటడం మీరంతా చూసినదే. అందుకే, కాలు చాపి నొక్కేలా, యాక్సిలరేటరును బ్రేకు కన్నా బెత్తెడు ముందుకు బిగించుకున్నారు. రోలండ్ కారులోనూ అది బెత్తెడు ముందుకే ఉంది. అతని మోకాళ్ళు రెండూ చక్కగా వంగుతాయి.

మొన్న చర్చిలో టీ తాగుతుండగా, అలా ఎందుకు పెట్టావని అడిగాను.

"వేగం కోసమమ్మా! ఇవన్నీ నీకెందుకు గానీ, ఆ కేకు ఇటు తియ్యి" అని అందరి ముందూ నవ్వాడు.

కేకు ఇచ్చాను.

శనివారం అదే ప్రశ్న మీరు మైకులో అడగండి. అతని జవాబు పూర్తయ్యాక డెస్మండ్ చేతికర్ర తెచ్చి ఆ సీటులో పెడతాను.

క్షమించమని పాదిరిగారు చెబుతున్నారు. తప్పకుండా క్షమిస్తాను, ఆదివారం.

ఇట్లు,
డెస్మండ్ భార్య