మొదటి తాంబూలం

అన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఈ ఉత్తరం నీకందదని తెలుసు, అయినా చెప్పకుండా ఉండలేను! మహారాజుగారు ప్రజల ప్రభుత్వానికి ఒప్పుకున్నారు. బెంగుళూరంతా టపాకాయల మోతే. అంతకంటే పెద్ద సంగతి మన నేతగాళ్ళ వీధిలో జరిగింది.

"రాజే దిగొచ్చినాడు, మనకింకా చచ్చేదాకా ఒకే కులపెద్దా?" అని నిన్న పంచాయతీలో జనం లేచారు. కులపెద్ద మునిస్వామప్ప మండిపడ్డాడు. అప్పుడు నేను మన ఇంటి గడపలోంచే, నువ్వు బడిలో పిల్లలకు చెప్పి ఇంటికొచ్చి మళ్ళీ నాకు చెప్పే రోమ్ కథ అందుకున్నాను. రోమ్ జనం తమ రాజును తరిమేసి, ఏడాదికి ఇద్దరేసి పెద్దల్ని ఎన్నుకున్నారనీ, ఒకడు దారి తప్పితే రెండోవాడు ఆపేవాడనీ చెప్పాను. వందల ఏళ్ళ తర్వాత తగవులతో విసిగిపోయి అధికారమంతా మళ్ళీ ఒక్కడి చేతిలోనే పెట్టారనీ, సభ పేరుకే మిగిలిందనీ కూడా దాచలేదు.

"అయితే ఎవుర్నీ ఏడాది దాటనీకూడదప్పా!" అన్నారు. ఇద్దర్ని ఎన్నుకున్నారు!

వెంటనే ఇంకో తగవు. మొదటి తాంబూలం ఎప్పుడూ కులపెద్దకే కదా, ఇప్పుడు ఇద్దరిలో ఎవరికి? గొంతులు పోయేలా అరుచుకున్నారు. చివరికి మునిస్వామప్పే పళ్ళెం ఎత్తుకుని నా దగ్గరికొచ్చాడు.

"నన్ను దింపినోడు ఆ రోమ్ మేష్ట్రే. ఇది ఆయప్పకే పోవల్ల. నువ్వు తీసుకోమ్మా."

మన వీధిలో మొదటి తాంబూలం ఆడదాని చేతికి రావడం ఇదే మొదలు. నీ పటం ముందు పెడదామనుకున్నాను గానీ, ఆకు వాడిపోతుందని నమిలేశాను. నీ చెల్లెలి నోరు ఎంత ఎర్రగా పండిందో, అన్నా!