రైఫిల్ కట్టెలో చీలిక

శనివారం, మారేడ్‌పల్లి

నా మీద నాకే అసహ్యంగా ఉంది. షూటింగ్ పోటీలకు వెళ్లే సునీత టీచర్, భుజం ఆపరేషన్ అయ్యాక బరువు మోయలేకపోతున్నానని, తన రైఫిల్‌కు భుజానికి ఆనించే కట్టెను తేలిక చేయమని వడ్రంగినైన నాకు ఇచ్చింది. పొరలు పొరలుగా అతికించిన కట్టె. నా పనితనం చూపించుకోవాలని పిడి దగ్గర ఆకురాయి ఎక్కువ ఆడించాను. పొరల మధ్య చీలింది. జిగురులో రంపపు పొట్టు కలిపి పూడ్చి, పైన వార్నిష్ కొట్టేశాను.

సాయంత్రం ఆమె దాన్ని భుజానికి ఆనించి చూసుకుంది. "మస్తు హల్కగైంది బాబాయ్, జెర సుత నొప్పి లేదు" అని దండం పెట్టింది. నేను నవ్వుతూ నిలబడ్డాను. ఛీ!

గంట తర్వాత ఉండబట్టలేక ఫోన్ చేశాను.

"అమ్మా, దాన్ని వాడకు. చీలిక దాచి ఇచ్చిన."



"రేపే పోటీ బాబాయ్" అని ఆమె ఫోన్ పెట్టేసింది.