ఎత్తు దగ్గర దిగినవాళ్లు

తమ్ముడు ఫోర్తునాతోకు,

మరియ తల్లి నిన్ను చల్లగా చూడాలి. ఇకీకె రేవులో చూసిన కొత్త బస్సుకు ఇంకా బయానా ఇవ్వకపోతే, ఇవ్వకు. పాతదాన్ని నమ్ముకుని ఇక బతకలేమన్నావు. నిజమే. కానీ నాన్న నడిపిన బస్సును అమ్మడానికి నాకు మనసొప్పలేదు. తల్లి ముందు కొవ్వొత్తి వెలిగించి, నిన్నడగకుండానే, మెకానిక్ సెల్సో చేత దానికి బోల్తాపడిన లారీ ఇంజను పెట్టించాను. కోప్పడే ముందు ఆదివారం సంగతి విను.

సంతకు వెళ్తుంటే, కొండ ఎత్తు దగ్గర ఎప్పటిలాగే అందరం తొయ్యడానికి దిగాం. మేం చేతులు ఆనించేలోపే బస్సు రయ్యిమని ఎక్కేసింది. సంబరంలో, బండి నడుపుతున్న సెల్సో వెనక్కి చూడనేలేదు.

"ఒరేయ్ సెల్సో! నా కోళ్లు బండిలో ఉన్నాయిరా!" అంటూ ఎవులోహియా అత్త పావడాలు ఎత్తిపట్టుకుని పరుగెత్తింది.

"నీకంటే ముందే సంతకు చేరతాయిలే అత్తా!" అన్నారెవరో. పైకి చేరేదాకా నవ్వుతూనే ఉన్నాం. నేను కూడా.

ఈ ఇంజను జోరుకు పాత బ్రేకులు చాలవని సెల్సో అంటున్నాడు. నువ్వున్న ఆ రేవులో మంచివి దొరుకుతాయట. కొత్త బస్సును కళ్లారా చూసుకుని, బ్రేకులు కొనుక్కుని ఇంటికి రా.

నీ పెద్దక్క