గొట్టం మూతిన గంధం

మయూర్ విహార్, ఢిల్లీ
20-10-2005

చి.సౌ. గౌరికి, పెదనాన్న దీవెనలు.

నీ కూతురి రైఫిల్ గొట్టం అరిగిపోలేదు. దసరా దాటాక గుళ్లు చెదిరిపోతున్నాయని, గొట్టం అరిగిందని, ఆదివారం షూటింగ్ సెలక్షన్‌కి పోనని ప్రవల్లిక ఒకటే ఏడుపు.

"చెప్పులైనా గొట్టమైనా మెల్లగా అరుగుతాయే, వారంలో కాదు," అన్నాను. (నా చెప్పుల కథ ఇప్పుడొద్దులే.)

రైఫిల్‌ని వైస్‌లో కదలకుండా బిగించి కాల్చాం. అప్పుడూ చెదిరాయి. అంటే తప్పు పిల్లది కాదు. కళ్లజోడు పెట్టుకుని చూద్దును కదా, గొట్టం మూతి అంచున ఎండిపోయిన గంధం, కుంకుమ! ఆయుధపూజకి వచ్చి నువ్వు భక్తిగా పెట్టిన బొట్టు. గుండు బయటికొస్తూ ఆ పెచ్చుకి రాసుకుని పక్కకి పోతోంది. తుడిచి కాల్చితే పది గుళ్లూ అర్ధరూపాయి బిళ్లంత చోటులో పడ్డాయి.

ఆదివారం సెలక్షన్‌కి వెళుతోంది. వచ్చే ఏడూ పూజ చెయ్యి, బొట్టు మాత్రం వెనక చెక్కకి పెట్టు.

"అమ్మకి చెప్పకండి తాతయ్యా, బాధపడుతుంది," అంది ప్రవల్లిక. చెప్పనని ఒట్టేశాను. రాయనని వెయ్యలేదు.

పెదనాన్న