చెప్పులు బయట విడిచే గది

1988 జనవరి 19, మంగళవారం, నూజివీడు

ఈరోజూ రాలేదు. బెజవాడ ఇన్‌స్టిట్యూట్‌లో కొత్త 386 కంప్యూటర్ కోసం ఏసీ గది కట్టి మూడు నెలలైంది. లోపల ఖాళీ టేబులే ఉంది, అయినా చెప్పులు బయట విడవాల్సిందే. "మద్రాసు పోర్టుకి వచ్చేసిందయ్యా, వచ్చే నెల ఖాయం," అన్నారు సారు. దసరాకీ ఇదే మాట చెప్పారు. పది తప్పినా నా టైపింగ్ స్పీడు చూసి, అది రాగానే ఆపరేటర్‌గా పెట్టుకుంటానన్నారు. మద్రాసు నుంచి బెజవాడకి నెలెందుకు? అసలు ఓడే ఎక్కలేదేమో.

ఇంటికొస్తే మావయ్య కూర్చునున్నాడు. రేపు ఆగిరిపల్లిలో కాయ పట్టకముందే, పూత మీద మామిడి తోట కాపు కొంటాడంట. కోతలయ్యేదాకా నేను కాపలా ఉండాలంట.

"ఇంకో నెల ఆగు మావయ్యా."

"పూత చూసి తోట కొనేవాళ్ళని పిచ్చోళ్ళన్నావు కదరా! మాకు పూతన్నా కనపడుద్ది. నీ కంప్యూటర్‌కి ఏం కనపడింది?"

పొద్దున్నే ఐదింటికి వస్తాడు. వెళ్తానో లేదో చెప్పెయ్యాలి.

బయట మంచు పడుతోంది. దీనికి పూత మాడిపోతే మావయ్య బేరం మానుకుంటాడు. ఇందాకట్నుంచి కిటికీలోంచి అదే చూస్తున్నా, ఇంకా గట్టిగా కురవాలని... ఛీ. ఊళ్ళో అందరి పూతా ఈ మంచులోనే ఉంది.